నీటి ఋణం – రాతి అలంకారం: జలవిద్యుత్ కేంద్రాల శిల్పశోభపై ఒక నైతిక విచారణ

జలవిద్యుత్ కేంద్రం ఉపయోగమే ప్రాణంగా గల కట్టడం. ఎత్తున నిలిపిన నీరు గొట్టాల గుండా దిగి టర్బైనును తిప్పుతుంది. టర్బైను జనరేటరును తిప్పుతుంది. పుట్టిన విద్యుత్తు తీగల వెంట సాగిపోతుంది, పని తీరిన నీరు దిగువన కాలువలో కలుస్తుంది. ఈ క్రమంలో గోడకున్న కర్తవ్యం యంత్రాలకు ఎండావానలు తగలకుండా కాపాడటమే. ఆ గోడమీద ఒక లతనో, ఒక మృగాన్నో చెక్కినంత మాత్రాన ఒక్క యూనిట్ కరెంటైనా అదనంగా పుట్టదు. అయినప్పటికీ ఇరవయ్యో శతాబ్దంలో పలు దేశాలలో పవర్‌హౌస్‌లకు మేలైన రాయి తెచ్చి తొడిగారు, ఆ రాతిపై శిల్పాలు చెక్కించారు. ఎవరి కోసం? ఏ అవసరం తీర్చడానికి? ఈ ప్రశ్నను వాస్తుచరిత్రకారులు శైలీదృష్టితో చర్చించారు. దీనిలోని నైతికాంశాన్ని విడిగా తీసి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. అలంకారమనేది సాహిత్య విద్యార్థులకు నిత్యపరిచితమైన విషయం కాబట్టి, ఆ పరిచయం ఈ విచారణకు కొంత తోడ్పడగలదని భావిస్తున్నాను.

'అలంకార' శబ్దాన్నే ముందుగా గమనించవచ్చు. అందులోని 'అలం' అన్న అవ్యయానికి సంస్కృతంలో చాలినది, సమర్థమైనది అనే అర్థాలున్నాయి. అదే అవ్యయం తృతీయావిభక్తితో కూడినప్పుడు 'ఇక చాలు, వద్దు' అనే నిషేధాన్ని తెలుపుతుంది. ఒక వస్తువును నిండుగా, సమర్థంగా చేయడమూ, ఇక చాలునని ఆపడమూ ఒకే మాటలో ఇమిడి ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. కాని అలంకారాన్ని గురించిన నైతికవాదాలన్నీ ఈ రెండు అర్థాల మధ్యనే తిరుగుతాయి. పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా నిలిపినప్పుడు మొలనూలు మెడలో వేసుకున్నవాళ్ళను, అందెలు చేతులకు తొడుక్కున్నవాళ్ళను చూసి లోకం నవ్వదా అని అడిగాడు. నగలో దోషం లేదు, దోషం చోటులో ఉంది. మరి పవర్‌హౌస్ అనేది శిల్పానికి తగిన చోటేనా?

కాదని గట్టిగా చెప్పినవారు పాశ్చాత్యులలో ఇద్దరున్నారు. వారి వాదాలు పరస్పర విరుద్ధమైన దిక్కుల నుండి వచ్చాయి. జాన్ రస్కిన్ 1849లో ప్రకటించిన 'సెవెన్ లాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్' అనే గ్రంథంలో రైల్వేస్టేషన్లను అలంకరించడాన్ని నిరసించాడు. రైలెక్కడానికి పరుగెత్తేవాడికి శిల్పాన్ని చూసే తీరిక, ఓపిక ఉండవు. చూడలేని చోట అందాన్ని పెట్టడం అందాన్ని అవమానించడమే అన్నది అతని అభిప్రాయం. శిల్పం మీద గౌరవంతోనే అతడు శిల్పాన్ని యంత్రశాలల నుండి దూరంగా ఉంచమన్నాడు. వియన్నా వాస్తుకారుడు అడాల్ఫ్ లోస్ 'ఆర్నమెంట్ అండ్ క్రైమ్' అనే ప్రసిద్ధ ప్రసంగవ్యాసంలో అలంకారాన్నే నేరమన్నాడు. అతని వాదంలోని నాగరికతా దురహంకారాన్ని, గిరిజన జాతులను గురించి అతడు రాసిన మాటలను నేడు ఎవరూ అంగీకరించరు. అయితే ఆ వాదంలో ఒక పాలు ఆలోచింపదగినదే. అలంకారం పనివాడి శ్రమను, ఆరోగ్యాన్ని వృథా చేస్తుందని, నగిషీ చెక్కేవాడికి దక్కే కూలి ఎన్నడూ తగినంత ఉండదని లోస్ ఎత్తిచూపాడు. రస్కిన్ చూసేవాడి పక్షాన మాట్లాడితే, లోస్ చేసేవాడి పక్షాన మాట్లాడాడు. పవర్‌హౌస్ విషయంలో మూడో పక్షం ఒకటుంది, దానిని వీరిద్దరూ పట్టించుకోలేదు. ఎవరి లోయలో నీరు నిలిచిందో, ఎవరి ఇల్లు ఆ నీటి కిందికి పోయిందో వారి పక్షమది.

తొలి తరం జలవిద్యుత్ కేంద్రాలలో ఇటలీలోని త్రెత్సో సుల్ అద్దా కేంద్రం ఈ ప్రశ్నకు ఒక పూర్వరంగం వంటిది. అద్దా నది వంపులో, మధ్యయుగపు విస్కోంతి కోట శిథిలాల కింద, 1906లో గాయెతానో మొరెత్తి అనే వాస్తుకారుడు దీనిని కట్టాడు. కట్టించినవాడు క్రిస్తోఫొరో బెనిన్యో క్రెస్పి అనే నూలుమిల్లుల యజమాని. 'చెప్పో' అని పిలిచే ఆ నదీతీరపు గులకరాళ్ళు అతుక్కున్న స్థానిక శిలతోనే గోడలు లేపి, అక్కడక్కడ చెక్కడపు పనితో తీర్చిదిద్దారు. దూరం నుండి చూస్తే నది ఒడ్డే లేచి భవనమైనట్టు ఉంటుంది. ఇక్కడ శిల్పం చేసిన పని సులభంగానే గ్రహించవచ్చు: కొత్తగా వచ్చిన యంత్రం పాతకోట పక్కన పరాయిదిగా కనిపించకూడదని యజమాని కోరుకున్నాడు. అది సంపన్నుడి మర్యాద. అందులో ఋణభావం ఉందో లేదో చెప్పడానికి గోడలో ఆధారమేదీ లేదు.

స్కాట్లండు ఉత్తరభాగపు కథ ఇంతకంటె జటిలమైనది. హైలాండ్స్ అనే ఆ కొండసీమలో వానలు అధికం, జనం తక్కువ, యుద్ధకాలం నాటికి అధికభాగం ఇళ్ళకు విద్యుత్తు లేదు. ప్రైవేటు కంపెనీలు అక్కడి లోయలకు ఆనకట్టలు కట్టడానికి తెచ్చిన బిల్లులను బ్రిటిష్ పార్లమెంటు పదేపదే తిరస్కరించింది. ఆఫ్రిక్ లోయకు సంబంధించిన బిల్లు 1929లోనూ, మళ్ళీ 1941లోనూ ఓడిపోయింది. అప్పటి స్కాట్లండు వ్యవహారాల మంత్రి టామ్ జాన్‌స్టన్ పట్టుబట్టి తెచ్చిన 1943 నాటి చట్టంతో ఉత్తర స్కాట్లండు జలవిద్యుత్ బోర్డు ఏర్పడింది. 1946 నుండి 1959 వరకు ఆయనే దానికి అధ్యక్షుడు. లోయల్లో పుట్టిన కరెంటును దక్షిణాది నగరాలకు అమ్మి, ఆ రాబడితో మారుమూల పల్లెలకు, దీవులకు తీగలు వేయాలన్నది ఆ చట్టంలోని సామాజిక సంకల్పం. బోర్డు చిహ్నం కింద గేలిక్ భాషలో రాయించిన మాటకు 'లోయల బలం' అని అర్థం.

వ్యతిరేకత తీవ్రంగా వచ్చింది. భూస్వాములు, సాల్మన్ చేపల వేట హక్కులున్నవారు, పర్యాటకుల మీద ఆధారపడ్డ పట్టణాలవారు, ప్రకృతి సౌందర్యాన్ని ప్రేమించేవారు ఒక్కటై నిలిచారు. వీరందరి ఉద్దేశాలూ ఒక్కటి కావు. కొందరికి కొండ అందం ముఖ్యం, కొందరికి కొండమీద తమ పెత్తనం ముఖ్యం. ఈ రెంటినీ విడదీయడం నాడూ సులభం కాలేదు. చట్టమే ప్రకృతిశోభ పరిరక్షణకు ఒక సలహా సంఘాన్ని, మత్స్యసంపదకు మరొక సంఘాన్ని ఏర్పరచింది. బోర్డు కూడా రెజినాల్డ్ ఫెయిర్లీ, జేమ్స్ షియరర్, హెరాల్డ్ టార్బోల్టన్ అనే ముగ్గురు వాస్తుకారులను సలహాదారులుగా నియమించుకుంది. 1950లో ప్రారంభమైన స్లోయ్ కేంద్రం టార్బోల్టన్ రూపకల్పన. నిరాడంబరమైన నిటారు గోడలతో, వెనుక కొండమీద నుండి దిగే నాలుగు బ్రహ్మాండమైన గొట్టాలతో అది యంత్రశాలగానే కనిపిస్తుంది. దాచుకోవడానికి ప్రయత్నించదు. ఆ తరువాతి కేంద్రాలలో పలుచోట్ల రాతి తొడుగు ప్రవేశించింది.

వాటిలో ప్రసిద్ధమైనది ఫాస్నకైల్. కానిక్ అనే చిన్న ఊరి దగ్గర, ఆఫ్రిక్ లోయకు పోయే దారి పక్కన, షియరర్ రూపకల్పనలో 1950ల తొలి సంవత్సరాలలో ఇది పూర్తయింది. ఆఫ్రిక్ సరస్సు నీటిమట్టాన్ని ముట్టకుండా, పక్కనున్న ముల్లార్డొక్, బెనివియన్ సరస్సులకు ఆనకట్టలు కట్టి, సొరంగం ద్వారా నీటిని ఇక్కడికి దింపారు. పాత బిల్లులను ఓడించినవారి మాటలో కొంత న్యాయముందని ఆ మార్పే ఒప్పుకుంటున్నది. భవనానికి మోరే తీరంలోని బర్గ్‌హెడ్ ప్రాంతపు పసుపు ఇసుకరాయిని తొడిగారు. ఎండ పడినప్పుడు గోడ తేనెరంగులో మెరుస్తుంది. ఆ రాతి మీద కెల్టిక్ పురాగాథలకు చెందిన జంతురూపాలను ఉబ్బెత్తు శిల్పాలుగా చెక్కించారు. రాయి వచ్చిన బర్గ్‌హెడ్‌కు ఇంకొక ప్రఖ్యాతి ఉన్నదని ఇక్కడ గుర్తుచేయాలి. తొలి మధ్యయుగంలో ఆ సీమనేలిన పిక్ట్ జాతివారు రాతి పలకలపై గీతల్లో చెక్కిన ఎద్దుల బొమ్మలు అక్కడే దొరికాయి. ఆరు పలకలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండు మూడు గీతలలో ఎద్దు మెడ బరువును, అడుగు వేగాన్ని పట్టిన అద్భుతమైన రేఖ అది. కనుక ఆ సీమలో రాతిపై మృగాన్ని చెక్కడం ఎక్కడినుండో ఎరువు తెచ్చిన నగ కాదు. ఔచిత్యమనే కొలమానంతో చూస్తే ఫాస్నకైల్ శిల్పం సులభంగానే నెగ్గుతుంది.

అయితే ఔచిత్యం నెగ్గినంత మాత్రాన నీతి నెగ్గినట్టేనా? ఈ శిల్పాల మీద మూడు అభియోగాలు మోపవచ్చు. మొదటిది లోస్ చెప్పగలది: యుద్ధానంతర బ్రిటన్‌లో ఇళ్ళు కట్టడానికే సామగ్రి కరువైన రోజులలో యంత్రశాలకు చెక్కుడురాయి దుబారా కాదా? దీనికి సమాధానం కష్టం కాదు. అందరి సొమ్ముతో, అందరి కోసం కట్టే కట్టడం మందిరమంత శ్రద్ధకు పాత్రం కాదా అని తిరిగి అడగవచ్చు. సంపన్నుడి భవనానికి చెక్కడం ఉండవచ్చు గాని, పల్లెకు వెలుగిచ్చే ఇంటికి ఉండరాదనడం వింతైన పొదుపు. ఈ అభియోగాన్ని నేను ఎక్కువసేపు పట్టించుకోదలచలేదు.

రెండవది ముసుగు అనే అభియోగం. లోయను మార్చివేసిన సంస్థ తన పనిని అందంతో కప్పిపుచ్చుతున్నదని, విమర్శకుల నోరు మూయించడానికి రాతిని లంచంగా ఇచ్చిందని అనేవారున్నారు. ఇందులో కొంత నిజముంది. వ్యతిరేకత లేకపోతే వాస్తుకారుల సలహాసంఘమే ఉండేది కాదేమో. కాని ఉద్దేశం మిశ్రమమైనంత మాత్రాన ఫలితం అబద్ధమైపోదు. ఫాస్నకైల్ గోడ తాను పవర్‌హౌస్ కానట్టు నటించదు. దాని పొడవైన కిటికీలు, పెద్ద తలుపులు, దిగువన నురగలు కక్కే నీరు దాని వృత్తిని చాటుతూనే ఉంటాయి. దారినపోయేవాడు దాన్ని చర్చి అని భ్రమపడడు. కప్పిపుచ్చడమంటే ఒకదాన్ని మరొకటిగా చూపడం. ఆ నేరం ఇక్కడ జరగలేదు.

మూడవ అభియోగం మాత్రం అంత తేలికగా తీరేది కాదు. ఫాస్నకైల్ ఉన్న స్ట్రాత్‌గ్లాస్ లోయ ఒకప్పుడు గేలిక్ మాట్లాడే రైతుకుటుంబాలతో నిండి ఉండేది. 19వ శతాబ్ది మొదట్లో ఆ భూములకు అధిపతులైన చిషోమ్ వంశంవారు గొర్రెల మేతకోసం కౌలుదారులను పెద్దసంఖ్యలో ఖాళీ చేయించారు. వందలాదిమంది ఓడలెక్కి కెనడాలోని నోవాస్కోషియాకు పోయారు. స్కాట్లండు చరిత్రలో 'క్లియరెన్సెస్' అని పేరుపడిన ఆ విషాదంలో ఈ లోయది తొలి అధ్యాయాలలో ఒకటి. పర్యాటకులు ఆరాధించే అక్కడి 'నిర్జన సౌందర్యం' కొంతమేరకు ఆ ఖాళీచేతల ఫలమే. ఆ గాథలు తెలిసిన జనం వెళ్ళిపోయిన నూటయాభై ఏళ్ళకు ఆ గాథల మృగాలు గోడెక్కాయి. ఎవరి సంస్కృతి చిహ్నంగా నిలిచిందో వారి మనుమలు సముద్రానికి అవతల ఉన్నారు. ఇది బోర్డు చేసిన తప్పు కాదు. నిజానికి మిగిలిన పల్లెలను నిలబెట్టాలన్నదే జాన్‌స్టన్ సంకల్పం. అయినా ఆ శిల్పంలో ఒక మౌనం ఉంది. మృగాలు తమ ప్రాచీనతను చెబుతాయి, లోయ చరిత్రను చెప్పవు, సొరంగంలో పనిచేసిన ఐరిష్, పోలిష్, జర్మన్ కూలీలను గురించీ చెప్పవు. అబద్ధమాడటం వేరు, మాట్లాడకపోవడం వేరు అని నీతిశాస్త్రం అంగీకరిస్తుంది. కాని మాట్లాడే శక్తి ఉన్న చోట మౌనానికి కూడా కొంత బాధ్యత ఉంటుంది.

అమెరికాలో ఇదే చిక్కు మరింత స్ఫుటంగా కనిపిస్తుంది. 1930లలో కొలరాడో నదిపై కట్టిన హూవర్ డ్యామ్ పవర్‌హౌస్‌లోని నునుపైన గచ్చునేలపై అలెన్ ట్రూ అనే చిత్రకారుడు ఆ ఎడారిసీమ ఆదిమజాతుల బుట్టలపై, కుండలపై ఉండే నమూనాలను పొదిగించాడు. చూడటానికి ఎంతో హృద్యమైన పని. అయితే ఆ నమూనాల సొంతదారుల నదీజల హక్కుల వివాదాలు ఆ తర్వాత దశాబ్దాలపాటు కోర్టులలో నడిచాయి. నమూనాను ఆహ్వానించిన ఇంట్లోకి నమూనా గీసినవారికి ఆహ్వానం అందలేదు.

దీనికి భిన్నమైనదొకటి మళ్ళీ స్కాట్లండులోనే ఉంది. పిట్లాక్రీ పట్టణ సమీపంలో క్లూనీ పవర్‌హౌస్‌కు నీరు తేవడానికి కొండలో దాదాపు 3 కిలోమీటర్ల సొరంగం తొలిచారు. ఆ పనిలో ఐదుగురు మరణించారు. వారి స్మృతిచిహ్నంగా రోడ్డు పక్కన ఒక గుర్రపునాడా ఆకారపు కమాను నిలిపారు. దానిపై మృగాలు లేవు, లతలు లేవు. దాని కొలతలు మాత్రం సొరంగం లోపలి కొలతలకు సమానం. ఆ కమాను కింద నిలబడినవాడు కొండ లోపలి చీకటిని వెలుతురులో చూస్తాడు. ఎంత ఎత్తు, ఎంత వెడల్పు తొలిచారో, ఎలాంటి చోట మనుషులు చనిపోయారో అతని శరీరానికే తెలుస్తుంది. ధ్వనివాదుల పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ కొలతే వ్యంజకం. వాచ్యంగా చెక్కిన శిల్పం చెప్పలేనిదాన్ని అనలంకృతమైన ఒక వంపు స్ఫురింపజేసింది. ఫాస్నకైల్ కంటే ఇది గొప్ప కళాఖండమని నేను అనలేను. కాని ఋణస్వీకారంగా ఇది ఒక మెట్టు పైన ఉంది. ఎవరికి ఋణపడ్డామో ఇది చెప్పింది. 1965లో ప్రారంభమైన క్రూకన్ కేంద్రం కొండగర్భంలోని గుహలో ఉంది. ఆ టర్బైను శాల గోడపై ఎలిజబెత్ ఫాల్కనర్ రూపొందించిన చెక్క కుడ్యఫలకంలో ఆ కొండ పురాగాథలూ, నిర్మాణంలో మరణించిన 15 మంది స్మృతీ కలిసి చోటుచేసుకున్నాయి. రోజూ సూర్యాస్తమయాన ఊటబావికి మూత వేయవలసిన వృద్ధదేవత ఒకనాడు నిద్రపోతే లోయంతా మునిగి సరస్సు ఏర్పడిందన్నది ఆ కొండ కథ. జలాశయం కట్టిన సంస్థకు అంతకంటే ఇబ్బందికరమైన కథ ఉండదు. ఆ కొండను ఎంచుకున్న సంస్థకు ఆ కథను తప్పించుకోవడం సాధ్యమూ కాదు.

స్కాట్లండు ఉదాహరణలను ఇంతగా పరిశీలించడానికి కారణం మన కృష్ణాలోయలో ఈ ప్రశ్నే తలకిందులై ఎదురుకావడం. అక్కడ నీటిని ఆపిన తర్వాత కొత్త రాతిని చెక్కారు. ఇక్కడ నీటిని ఆపడానికి ముందు, చెక్కి ఉన్న పాత రాతిని కదిలించవలసి వచ్చింది. ఆ సంగతికి వెళ్ళేముందు, జలనిర్మాణానికీ చెక్కిన రాతికీ గల సంబంధం తెలుగునేలపై ఎంత పాతదో ఒక శాసనం ద్వారా గుర్తుచేసుకోవాలి. కడప ప్రాంతపు పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూర ఆ చెరువును నిర్మించిన వైనం అందులో సంస్కృతంలో ఉంది. చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, రాకూడని ఆరు దోషాలను చెప్పిన శాసనంగా అది నీటిపారుదల చరిత్రకారులకు సుపరిచితం. సప్తసంతానాలలో తటాకానికి గల స్థానం కూడా అందులో కనిపిస్తుంది. నన్ను ఆకర్షించేది వేరొక వాక్యం. ప్రతిదినం వెయ్యిమంది పనివారు, రాళ్ళు తేవడానికి వంద బండ్లు, ఇలా రెండేళ్ళు పని జరిగిందని ఆ రాయి నమోదు చేసింది. రాజు కీర్తిని చెక్కిన రాతిపైనే పనివారి లెక్కకు చోటు దొరికింది. పేర్లు లేవు, సంఖ్య ఉంది. మన సాహిత్యశాఖలలో శాసనాలను భాషాపరిణామానికి, ఛందస్సుకు ఆధారాలుగా శ్రద్ధగా చదువుతాం. ఋణస్వీకార పత్రాలుగా చదవడం మాత్రం అరుదు.

నాగార్జునసాగర్ ప్రధానంగా సాగునీటి ప్రాజెక్టే అయినా దాని పాదాన పవర్‌హౌస్ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. భారీ ప్రాజెక్టులను ఆధునిక దేవాలయాలతో పోల్చిన నెహ్రూ ఉపమ మనదేశంలో సామెతలా స్థిరపడింది. అయితే ఆ దేవాలయానికి శిల్పం లేదు. కాంక్రీటుతో వేగంగా పోతపోయగలిగిన కాలంలో రాతికట్టుబడిని ఎంచుకోవడం వల్ల వేలాది చేతులకు పని దొరికింది. ప్రపంచంలోని అతిపెద్ద రాతి ఆనకట్టలలో ఒకటిగా పేరొందిన ఆ గోడలో ప్రతి రాయినీ ఎవరో ఒకరు ఉలితో పదును పెట్టి పేర్చారు. వడ్డెరల పని, పాలమూరు కూలీల పని దేశంలోని ఎన్నో ఆనకట్టల వెనుక ఉన్నదని అందరికీ తెలుసు. ఒక విధంగా ఆ ఆనకట్టే ఒక మహాశిల్పం, కాకపోతే ఎవరి సంతకమూ లేనిది.

ఆ గోడ వెనుక నిలిచిన నీటి కింద మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. ముంపుకు ముందు 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో లోయంతటా తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి నాగార్జునకొండ శిఖరానికి చేర్చి పునర్నిర్మించారు. మరికొన్నింటికి నమూనాలను తూర్పు ఒడ్డున అనుపు వద్ద నిలిపారు. కొండ ద్వీపమైంది, ద్వీపంపై మ్యూజియం వెలసింది. పల్నాటి సున్నపురాతిపై చెక్కిన ఆ ఫలకాల సౌకుమార్యం చూసినవారికి ఆ శ్రమ వృథా కాలేదనిపిస్తుంది. ఆ లోయలో దొరికిన ఛాయాస్తంభాలు ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించదగినవి. అవి మరణించినవారి స్మృతికి నిలిపిన రాతికంబాలు. రాజబంధువులకు, సేనానులకు, యుద్ధంలో పడిన సైనికులకు నిలిపినవాటితో పాటు ఒక పనివారి పెద్దకు నిలిపినదీ వాటిలో ఉంది. క్లూనీ కమాను చేసిన పనిని మన నేలపై పదిహేడు వందల ఏళ్ళ కిందటే ఎవరో చేశారన్నమాట. ఆ ఛాయాస్తంభాలను వెలికితీసి భద్రపరచిన తరం, తన కాలపు పనివారి స్మృతి విషయంలో వాటినుండి ఏమి నేర్చుకుందనే ప్రశ్న సాగర్ గట్టు మీద నిలబడితే తప్పదు.

శ్రీశైలం జలాశయం వద్ద ఈ వైరుధ్యం ఇంకా తీవ్రమవుతుంది. చాళుక్యకాలపు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ముంపు నుండి తప్పించి ఆలంపురానికి తరలించి తిరిగి నిలబెట్టారు. రాళ్ళ వరస తప్పలేదు. ఏ రాయి ఎక్కడిదో ఆ చోటనే చేరింది. అదే జలాశయం కింద సుమారు నూరు గ్రామాలు మునిగాయి. 1981లో వాటిని బలవంతంగా ఖాళీ చేయించిన తీరు ఆనాటి పౌరసంఘాల నివేదికలలో నమోదై ఉంది. ఊళ్ళకు వరస తప్పింది. ఒక వీధివారు ఒకచోట, వారి ఇరుగుపొరుగు ఇంకొకచోట స్థిరపడ్డారు. కొందరు ఎక్కడా స్థిరపడలేదు. గుడిని ఎందుకు కాపాడారని ఎవరూ నిందించరు, నేనూ నిందించను. గుడి విషయంలో మనం చూపిన సామర్థ్యం ఏమిటో గమనించాలి: ఒక్కొక్క అంశాన్ని గుర్తించి, దాని స్థానం రాసుకొని, విప్పి, మోసుకెళ్ళి, అదే పొందికతో నిలపడం. పొందికను కాపాడే విద్య మనకు తెలుసని ఆ గుడి సాక్ష్యమిస్తున్నది. కనుక తెలియక జరిగిందనే సమాధానం ఊళ్ళ విషయంలో చెల్లదు.

సౌందర్యవాదులు ఇక్కడ ఒక సమర్థన చెప్పవచ్చు. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు, ఏడో శతాబ్దపు శిల్పాన్ని మళ్ళీ చెక్కలేం కదా, కనుక అపురూపమైనదానికే ప్రాధాన్యమివ్వాలి అని. వాదం బలహీనమైనది కాదు. కాని అందులో ఇల్లును గోడలూ కప్పూగా మాత్రమే లెక్కించారు. ఊరంటే ఎవరి గడప ఎవరి గడపకు ఎదురుగా ఉందన్న అమరిక కూడా. ఆ అమరిక ఏడో శతాబ్దపు గుడి అంత పాతది కావచ్చు, అంతగానే మళ్ళీ చెక్కలేనిది కావచ్చు. ఏటా వేసవిలో శ్రీశైలం నీరు దిగినప్పుడు సప్తనదీ సంగమేశ్వరాలయం నీటినుండి బయటపడుతుంది. వేపదారు లింగానికి పూజలు జరుగుతాయి, జనం పడవలమీద వస్తారు. నీరు పెరిగితే మళ్ళీ మునుగుతుంది. తరలిపోని ఆ గుడి తన లోయతోనే ఉండిపోయింది. తరలివెళ్ళిన గుడి భద్రంగా ఉంది గాని దాని నది దాని దగ్గర లేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బతికి ఉందో తేల్చడం నాకు సాధ్యం కాలేదు.

ఇంతవరకు చూసినదాన్నిబట్టి జలవిద్యుత్ కేంద్రంపై శిల్పాన్ని ఋణవిమోచనంగా చూపితే అది తప్పు, ఋణస్వీకారంగా చూపితే సమంజసం అని నేను భావిస్తున్నాను. అప్పు తీర్చడం వేరు, అప్పున్నదని పత్రం రాసివ్వడం వేరు. పత్రం అందంగా ఉండవచ్చు, ఉండటం మంచిదే. కాని ఆ పత్రంలో ఋణదాత పేరు ఉండాలి. పోరుమామిళ్ళలో సంఖ్య ఉంది, క్లూనీలో కొలత ఉంది, క్రూకన్‌లో స్మృతి ఉంది. ఫాస్నకైల్ పత్రం ఎంత సుందరమైనదైనా అందులో ఆ పంక్తి ఖాళీగా ఉంది.

ఈ విచారణ గతానికే పరిమితం కాదు. గోదావరిపై పోలవరం వద్ద 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం నిర్మాణంలో ఉంది. దాని జలాశయం కోసం ఖాళీ అవుతున్న ఊళ్ళలో కోయలు, కొండరెడ్ల గూడేలు ఎన్నో ఉన్నాయి. కట్టడం పూర్తయ్యే నాటికి ఎవరో ఒక సహృదయుడైన వాస్తుకారుడు పవర్‌హౌస్ ముఖద్వారానికి కోయల ముగ్గులనో, కొమ్ముల తలపాగా ధరించిన నర్తకుల వరుసనో రాతిలో చెక్కించాలని సూచించడం అసంభవమేమీ కాదు. ఇటీవలి ప్రభుత్వ భవనాలలో గిరిజన చిత్రాలు అలంకారంగా తరచు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ సూచన వచ్చినప్పుడు రూపం బాగుందా, శిల్పి ఎవరు, రాయి ఏది అనే ప్రశ్నలతో పాటు ఇంకొన్ని అడగవలసి ఉంటుంది. ఆ నమూనా ఎవరిని అడిగి తీసుకున్నారు? చెక్కే పని ఆ గూడేలవారికి ఇస్తారా? దాని కింద మునిగిన ఊళ్ళ పేర్లు రాస్తారా? రాస్తే రెవెన్యూ రికార్డులలోని పేర్లతోనా, ఆ ఊరివారు పిలుచుకునే పేర్లతోనా? పునరావాస కాలనీ నుండి బస్సెక్కి వచ్చిన ముసలమ్మ వాటిని దగ్గరగా నిలబడి తడిమి చూసే ఎత్తులో ఉంటాయా, లేక కాపలాదారు ఉన్న గేటుకు లోపల ఉంటాయా?